అచ్చుపనికి నమ్మదగిన మానిటరు: తక్కువ ఖర్చులో ఏది కొనాలి?

మామిడి సీజను మొదలవుతుందనగా చిత్తూరు నుంచి ఒకాయన గుజ్జు డబ్బాలకు లేబుల్ వేయించుకోవడానికి తిరుపతిలో మా డిజైనింగు గదికి వచ్చాడు. తోతాపురి గుజ్జు. లేబుల్ మీద కోసిన కాయ, పక్కన గిన్నె నిండా గుజ్జు. నా తెర మీద ఆ పసుపు పచ్చిపచ్చిగా కనిపిస్తుంటే మెజెంటా, అంటే అచ్చులో వాడే గులాబీ ఎరుపు, పెంచుకుంటూ పోయాను. పండిన కాయ రంగు వచ్చిందనిపించాక ఫైలు ప్రెస్సుకు పంపాను. 5000 లేబుళ్ళు అచ్చయి వచ్చాయి. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఇది బొప్పాయి గదా సామీ" అన్నాడు. నిజమే, అది బొప్పాయి రంగే. మళ్ళీ ప్లేట్లు, మళ్ళీ కాగితం, ఖర్చంతా నాది. ప్రెస్సువాళ్ళ తప్పేమీ లేదు, నేను పంపిన అంకెలనే వాళ్ళు అచ్చేశారు. నా మానిటరు కొన్న రోజు నుంచీ 'కూల్' అనే సెట్టింగులో నీలం వైపు ఒరిగి ఉంది. ఆ నీలాన్ని సరిచేస్తున్నానని తెలియకుండానే నేను లేబుల్‌లో ఎరుపు కలిపాను.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు తెలిసిన ప్రెస్సులకూ స్టూడియోలకూ వెళ్ళి వాళ్ళ తెరలు చూశాను. పెన్‌డ్రైవులో ఒకే ఫైలు, చేతిలో దాని అచ్చు కాపీ. ఏ రెండు తెరలూ ఒకేలా చూపించలేదు. అచ్చుకు దగ్గరగా వచ్చినవన్నీ ఖరీదైనవి కావు. పరికరం పెట్టి కొలిచి, సరిచేసుకున్న తెరలే దగ్గరగా వచ్చాయి. ఒక స్టూడియోలో నా మానిటరు కంటే మూడు రెట్లు ఖరీదైనది ఉంది, దాన్ని డబ్బాలోంచి తీసిన రోజు నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. దాని మీద నా లేబుల్ నియాన్ బోర్డులా వెలిగిపోయింది.

అందుకే ఎవరైనా "20 వేలలో మంచి మానిటరు ఏదన్నా?" అని అడిగితే మోడల్ పేరు కంటే ముందు ఈ మాట చెప్తాను. చేతిలో 35 వేలుంటే 35 వేల మానిటరు కొనకండి. 20 వేలకు అటూ ఇటూగా దొరికే నిజాయితీ గల మానిటరు ఒకటి కొని, మిగతా డబ్బును రంగు కొలిచే పరికరానికి పెట్టండి. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. ధరలన్నీ ఉజ్జాయింపే, పండగ సేళ్ళకు రెండు మూడు వేలు అటూ ఇటూ అవుతుంటాయి.

డబ్బా మీది మాటలు

ముందు ప్యానెల్ రకం చూడాలి. బజారులో టీఎన్, వీఏ, ఐపీఎస్ అని మూడు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. టీఎన్ తెర ముందు తల కాస్త పైకెత్తినా రంగు మారిపోతుంది. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమా చూడటానికి హాయి, కానీ పక్క నుంచి చూస్తే ముదురు రంగుల మధ్య తేడాలు మారిపోతాయి. మన పనిలో కస్టమరు ఎప్పుడూ మన భుజం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. మనకొక రంగు, ఆయనకొక రంగు కనిపిస్తుంటే ఎంతసేపు మాట్లాడుకున్నా ఒక మాటకు రాలేం. ఐపీఎస్ తప్ప వేరేది వద్దు. వంపు తిరిగిన తెర అసలే వద్దు, పేజీ అంచు గీత నిటారుగా ఉందో లేదో చూసుకోవాల్సిన పని మనది.

తర్వాతది రంగుల పరిధి, అంటే తెర ఎన్ని గాఢమైన రంగులు చూపగలదన్నది. ఇక్కడే కంపెనీలు కొలతలు మార్చి మార్చి రాస్తాయి. మనకు కావలసిన కొలత ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఈ ప్రమాణం మీదే ఇప్పటికీ ఇంటర్నెట్టూ, ఫోన్ ఫోటోలూ చాలావరకు నడుస్తున్నాయి. డబ్బా మీద "99 శాతం" లేదా "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. చౌక మానిటర్ల మీద, ఇంకా ఎక్కువగా చౌక లాప్‌టాప్‌ల వివరాల్లో, "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. ఆ లెక్కలో 72 శాతం ఉంటే సుమారుగా పూర్తి ఎస్‌ఆర్‌జీబీతో సమానం. 45 శాతమంటే ఎస్‌ఆర్‌జీబీలో సుమారు మూడింట రెండు వంతులకు కూడా చేరదు. అలాంటి తెర మీద కుంకుమ ఇటుకపొడిలా ఉంటుంది. పాపం డిజైనరు దాన్ని కుంకుమ చేయాలని ఎరుపు పోస్తూనే ఉంటాడు. లాప్‌టాప్ తెర మీద శుభలేఖ రంగులు తేల్చేవాళ్ళకు ఇదొక్కటి గట్టిగా చెప్పాలని ఉంది: పని లాప్‌టాప్‌లోనే చేసుకోండి, రంగు మాత్రం బయటి మానిటరులో చూడండి.

"125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని రాసి ఉంటే అది విస్తీర్ణం లెక్క. ఒక పక్క ఎక్కువ పొంగి, ఇంకో పక్క తక్కువైనా మొత్తం 125 రావచ్చు. 'కవరేజ్' ఎంతని అడగండి.

మూడోది డెల్టా ఈ. తెర చూపించిన రంగుకూ చూపించాల్సిన రంగుకూ మధ్య దూరం అది. 2 లోపు ఉంటే మామూలు కంటికి తేడా పట్టడం కష్టం. డిజైనర్ల కోసం చేసే మానిటర్లలో ఫ్యాక్టరీలోనే కొలిచిన కాగితాన్ని డబ్బాలో పెడతారు. ఆ కాగితం ఉన్న మోడల్‌కే నా ఓటు. అది జీవితాంతం చెల్లుతుందని కాదు, మొదటి రోజున సరిగ్గా ఉందన్న హామీ కోసం.

హెచ్‌డీఆర్ స్టిక్కరు, 165 హెర్ట్జ్, ఒక మిల్లీసెకను లాంటివి అచ్చుపనికి దేనికీ పనికిరావు. వాటికి డబ్బు పెట్టకండి.

సైజు: ఏ4 కాగితం తెర మీద పడుతుందా?

ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, రోజూ పనిలో మాత్రం తెలుస్తుంది. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920 బై 1080 చుక్కల) తెర ఎత్తు దాదాపు 29.6. అంటే పేజీని అసలు సైజులో నిలువునా చూడలేం, పైన మెనూలకు ఇంకా చోటు కావాలి. అదే 24.1 అంగుళాల 1920 బై 1200 తెర ఎత్తు సుమారు 32.4 సెంటీమీటర్లు, పేజీ మొత్తం పట్టి పైన కాస్త మిగులుతుంది. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పెట్టి, టూల్స్ పట్టీకీ చోటుంటుంది. పుస్తకాలు, పంచాంగాలు, సావనీర్లు పేజీలు కట్టేవాళ్ళకు ఇది చాలా సుఖం.

కానీ 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ కొనకండి. అంగుళానికి 82 చుక్కలే పడతాయి. ఇంగ్లీషు అక్షరాలకు ఎలాగో సర్దుకోవచ్చు గానీ మన తెలుగుకు కుదరదు. 10 పాయింట్ల మ్యాటరులో 'స్త్ర', 'క్ష్మి' లాంటి చోట్ల ఒత్తు ఏదో, మసక ఏదో తెలియక ప్రూఫు దిద్దేవాళ్ళు తప్పులు వదిలేస్తారు. 27 అంగుళాలకు 2560 బై 1440, అంటే క్యూహెచ్‌డీ ఉండాలి. అప్పుడు అంగుళానికి 109 చుక్కలు, ఒత్తులు విడివిడిగా కనిపిస్తాయి.

మరి ఇంకా సన్నని చుక్కల ఫోర్‌కే తెర? అక్షరం అద్దంలా ఉంటుంది, సందేహం లేదు. అయితే మన దగ్గర ఇప్పటికీ ఎన్నో డీటీపీ గదులు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7, ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఇంత సన్నని చుక్కల తెరలు వస్తాయని ఊహించి రాసిన సాఫ్ట్‌వేర్ కాదది. 27 అంగుళాల ఫోర్‌కే మీద దాని మెనూలు ఆవగింజల్లా అవుతాయి, విండోస్‌తో పెద్దవి చేయిస్తే మసకబారుతాయి. పాత కోరల్‌డ్రా సంగతీ అంతే. ఆ సాఫ్ట్‌వేర్ల మీదే బతుకుతున్న గదికి ఫోర్‌కే బరువు తప్ప సాయం కాదు. ఇన్‌డిజైన్ లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌కూ యూనికోడ్ ఫాంట్లకూ మారినవాళ్ళు నిశ్చింతగా కొనవచ్చు.

ఏ ధరలో ఏం వస్తుంది

8 నుంచి 12 వేల మధ్య ఆఫీసు మానిటర్లు. వీటిలో ఐపీఎస్, 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసినవి కూడా దొరుకుతాయి. ఫ్యాక్టరీలో ఒక్కోటీ కొలిచి పంపరు కాబట్టి ఒకే మోడల్‌లో ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా రావచ్చు. చాలావాటికి స్టాండు ఎత్తు మారదు. అయినా వీటిని నేను తీసిపారేయను. రంగు కొలిచే పరికరం చేతిలో ఉంటే ఇలాంటి తెరను కూడా చాలావరకు దారిలో పెట్టవచ్చు. టైపింగు, పేజీ కట్టడం చేసే రెండో సీటుకు ఇది చాలు.

17 నుంచి 30 వేల మధ్య అసలైన పోటీ. చిన్న గదికి నేను ముందుగా చెప్పేది ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ. 24.1 అంగుళాలు, 1920 బై 1200, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, డెల్టా ఈ 2 లోపు అని ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు. స్టాండు ఎత్తు మారుతుంది, తెరను నిలువుగా తిప్పుకోవచ్చు కూడా. ఏ4 పట్టే ఎత్తు ఉన్నది ఇదే అని ఇందాక చెప్పిన లెక్క గుర్తుండే ఉంటుంది. దీని అన్న పీఏ278క్యూవీ, 27 అంగుళాల క్యూహెచ్‌డీ. రంగు విషయంలో ఇద్దరిదీ ఒకే కులం, తేడా చోటులోనూ అక్షరం నునుపులోనూ. పుస్తకాల పని ఎక్కువైతే పెద్దది, లేబుళ్ళూ శుభలేఖలూ కరపత్రాలైతే చిన్నది. బెన్‌క్యూలో పీడీ2705క్యూ కూడా 27 అంగుళాల క్యూహెచ్‌డీ, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. ఫ్యాక్టరీ హామీ డెల్టా ఈ 3 లోపు. యూఎస్‌బీ-సీ ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ళకు ఒక్క తీగతో బొమ్మా, ఛార్జింగూ రెండూ అవుతాయి. ఆ సౌకర్యం అక్కరలేనివాళ్ళు దానికి అదనంగా డబ్బు పెట్టే పనిలేదు.

ఆ పైన 40, 50 వేల దగ్గర డెల్ అల్ట్రాషార్ప్ యూ2723క్యూఈ లాంటివి. ఫోర్‌కే, సినిమావాళ్ళ కొలతైన డీసీఐ-పీ3లో 98 శాతం, మామూలు ఐపీఎస్‌కు 1000కి ఒకటి ఉండే కాంట్రాస్టు (తెలుపు నలుపుల వెలుగు తేడా) దీనికి 2000కి ఒకటి. చాలా మంచి తెర. అయితే ఇది వీడియోకూ వెబ్ పనికీ ఇచ్చినంత లాభం అచ్చుకు ఇవ్వదు.

ఇంకా పైకి వెళ్తే బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరస, ఐజో కలర్‌ఎడ్జ్ వరస. ఇవి అడోబీ ఆర్‌జీబీ అనే పెద్ద పరిధిని దాదాపు పూర్తిగా చూపిస్తాయి. కొలిచిన దిద్దుబాటును కంప్యూటరులో కాక మానిటరులోనే దాచుకుంటాయి. తెర నాలుగు మూలలా ఒకే వెలుగు ఉండేలా శ్రద్ధ తీసుకుంటారు. ఎవరికి కావాలో కింద చెప్తాను.

ఇంకో దారి పాత మానిటర్లది. చెన్నై, బెంగుళూరు కంపెనీలు మార్చేసిన డెల్ అల్ట్రాషార్ప్‌లు బాగుచేసి అమ్మేవాళ్ళ దగ్గర తక్కువకు దొరుకుతాయి. 2011లో వచ్చిన యూ2412ఎం ఇప్పటికీ తిరుగుతోంది, 1920 బై 1200 ఐపీఎస్. ఎన్నేళ్ళు వెలిగిందో తెలియని తెరకు లోపలి లైటు పసుపుబారి, మూలలు మసకేసి ఉంటాయి. తెల్ల పేజీ నిండా పెట్టి ఓ పది నిమిషాలు చూడకుండా డబ్బివ్వకండి. కొలిచే పరికరం లేనివాళ్ళు ఈ దారిలోకి రాకపోవడం మంచిది.

పెద్ద పరిధి ఎవరికి కావాలి?

"అడోబీ ఆర్‌జీబీ ఉంటేనే ప్రింటుకు పనికొస్తుంది" అన్న మాట చాలాచోట్ల వింటాం. అందులో కొంత నిజం ఉంది. మంచి ఆర్ట్ పేపరు మీద ఆఫ్‌సెట్లో అచ్చయిన నిండు సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) సిరా, కొన్ని గాఢమైన ఆకుపచ్చ-నీలాలు ఎస్‌ఆర్‌జీబీ తెర చూపలేనంత గాఢంగా ఉంటాయి. నెమలికంఠం రంగు చీర ఫోటో అచ్చులో కొన్నిసార్లు తెర కంటే బాగుండటానికి ఇదొక కారణం.

కానీ రెండో వైపు చూడండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళకు కేటలాగు చేసినప్పుడు నాకు బాగా అర్థమైంది. కరక్కాయ, పాలలో నానిన గుడ్డ మీద ఇనుమూ బెల్లమూ పులియబెట్టి తీసిన కసిం నలుపు, పటికతో పట్టే వేరు ఎరుపు, ఆవాల రంగు పసుపు, నీలిమందు నీలం. అన్నీ చెట్టూచేమల రంగులే, కేక వేసే రంగు ఒక్కటీ లేదు. దాదాపు అన్నీ ఎస్‌ఆర్‌జీబీలో హాయిగా ఇమిడిపోతాయి. అక్కడ కష్టం గాఢతతో కాదు, చీకటితో. కసిం నలుపుకూ దాని పక్కనున్న ముదురు గోధుమ గీతకూ మధ్య తేడా పోకూడదు. ఆ కలంకారీ వేసిన ఆమె తన గుడ్డను తెర పక్కన పెట్టి, "అన్నా, మా గీత నీ నలుపులో మునిగిపోయింది" అంటే, దోషం రంగుల పరిధిది కాదు. ముదురు రంగుల మెట్లు విడివిడిగా చూపించే ఐపీఎస్, దాన్ని సరిగ్గా కొలిచి పెట్టడం, అదే దానికి మందు.

పట్టుచీరల రాణి రంగు, మెరిసే వంగపూవు రంగు సంగతి మూడోది. అవి తెర చూపగలదు, నాలుగు సిరాల అచ్చే చూపలేదు. ఎంత పెద్ద మానిటరు కొన్నా సీఎంవైకే, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల ప్లేటు మీదికి ఆ రంగు రాదు. ముఖ్యంగా తెర మీది నీలం అచ్చులో ఊదా అయిపోవడం అందరికీ అనుభవమే. సయాన్ కంటే మెజెంటా కనీసం 30 శాతం తక్కువ ఉంచితే నీలం నీలంగా నిలుస్తుంది. దీనికి మానిటరు మార్చక్కరలేదు, ఆ లెక్క తెలిస్తే చాలు.

పెద్ద పరిధి తెరతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఫోటోషాప్ మానిటరు ప్రొఫైల్‌ను, అంటే ఆ తెర రంగులను ఎలా చూపిస్తుందో రాసి ఉండే ఫైలును చదువుకుని రంగు సరిచేసి చూపిస్తుంది. పాత కోరల్‌డ్రా, పేజ్‌మేకర్, విండోస్ డెస్క్‌టాప్, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూసే కిటికీ, ఇవి మామూలుగా అలా చేయవు. అంకెను అలాగే తెరకు తోసేస్తాయి. దాంతో ఆంజనేయస్వామి సింధూరం మండిపోతున్నట్టు కనిపిస్తుంది. ఒకే ఫైలు రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు రంగులు. ఏది నమ్మాలో తెలియక మనిషి మళ్ళీ మొదటికొస్తాడు.

కాబట్టి 8 లేదా 12 సిరాల ఇంక్‌జెట్ మీద ఆర్ట్ ప్రింట్లు తీసేవాళ్ళూ, పెద్ద బ్రాండ్ల ప్యాకేజింగు చేసేవాళ్ళూ, పని మొత్తం రంగు సంగతి తెలిసిన సాఫ్ట్‌వేర్లలోనే చేసేవాళ్ళూ అడోబీ ఆర్‌జీబీ తెరకు పోవచ్చు. పెళ్ళి ఆల్బమ్ స్టూడియోలకు అక్కరలేదు, ఆల్బమ్ ల్యాబులు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ ఫైళ్ళే అడుగుతాయి. బ్రహ్మోత్సవాలకూ గంగమ్మ జాతరకూ ఫ్లెక్సులు కొట్టేవాళ్ళయితే ఆఫీసు ఐపీఎస్ దాటి ఖర్చు పెట్టే పనేలేదు. ఫ్లెక్సు రంగును తేల్చేది ఫైలును మిషను కొట్టే చుక్కలుగా మార్చే రిప్ సాఫ్ట్‌వేరూ, దాని ప్రొఫైలూ. ఆ ఫ్లెక్సును 20 అడుగుల దూరం నుంచి ఎండలో చూస్తారు.

కొలిచే పరికరం

తెర మీద ఆనించి పెట్టే చిన్న పరికరం ఇది. తెర చూపిస్తున్న రంగును కొలిచి, ఉండాల్సిన రంగుతో పోల్చి, ఆ తేడాను సరిదిద్దే ప్రొఫైల్ రాస్తుంది. డేటాకలర్ వాళ్ళ స్పైడర్, ఇదివరకు ఎక్స్‌రైట్ పేరుతో వచ్చి ఇప్పుడు క్యాలిబ్రైట్ పేరుతో వస్తున్న డిస్‌ప్లే వరస, ఈ రెండే ఎక్కువగా దొరుకుతాయి. వాటిలో అన్నిటికంటే చౌక మోడల్ చాలు. ఇంకా లోతుగా పోవాలనుకునేవాళ్ళకు ఆర్గిల్ సీఎంఎస్, డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఖరీదైన మోడల్‌లో పెట్టిన ఎన్నో సౌకర్యాలు వాటితో చౌక పరికరానికీ వస్తాయి.

నేను పెట్టుకునే గుర్తులు: తెలుపు 6500 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలం వైపు పోతుంది), గామా (నలుపు నుంచి తెలుపుకు వెలుగు పెరిగే తీరు) 2.2, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 కాండెలాలు. దుకాణాల్లో వీటినే నిట్స్ అంటారు. నెలకోసారి, తెర వెలిగించి అరగంట అయ్యాక కొలవాలి. మొత్తం పది పదిహేను నిమిషాల పని.

ఈ పరికరం రోజూ వాడేది కాదు. అందుకే ఒకే వీధిలో ఉన్న నలుగురు డిజైనర్లు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలా బాగుంటుంది. తలా నాలుగైదు వేలలో అయిపోతుంది. పైగా నలుగురి తెరలూ ఒకే మాట చెప్తాయి, ఒకరి ఫైలు ఇంకొకరు తెరిచినా రంగు మారదు. తిరుపతి గాంధీ రోడ్డు చుట్టుపక్కల ఉన్న గదులన్నీ ఇలా చేస్తే ప్రెస్సులతో సగం గొడవలు ఉండవని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడే కొనలేనివాళ్ళు ఈ రోజే చేయగల పనులు రెండున్నాయి. మానిటరు మెనూలో రంగును 'కూల్' నుంచి 6500కి, లేదా ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మార్చండి. నా బొప్పాయి కథ ఈ ఒక్క బటన్‌తో చాలావరకు తప్పేది. తర్వాత వెలుగు తగ్గించండి. కొత్త మానిటర్లు 250, 300 నిట్స్‌తో కళ్ళు చెదిరేలా వస్తాయి. ఆ వెలుగులో బాగున్న ఫోటో అచ్చులో చీకటిగా వస్తుంది. "తెర మీద బాగుంది, ప్రింటులో నల్లబడింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. తెల్ల ఆర్ట్ పేపరు ఒకటి తెర పక్కన పట్టుకుని, తెర మీది తెల్ల పేజీ ఆ కాగితమంత వెలుగుకు దిగేదాకా తగ్గించుకుంటూ రండి. మొదటి రెండు రోజులు మసకగా అనిపిస్తుంది, తర్వాత కళ్ళే అలవాటు పడతాయి.

గదీ, వెలుతురూ

మన గదులకు లేత ఆకుపచ్చో, గులాబీ రంగో వేయడం అలవాటు. ఆ గోడ రంగు తెర మీదా, చేతిలోని ప్రూఫు మీదా పడుతుంది. తెర ఎదురుగా, వెనకా ఉన్న గోడలకైనా తెలుపో బూడిద రంగో వేయించండి. ఈ ఖర్చు ఏ మానిటరు ఖర్చు కంటే అయినా తక్కువే. కిటికీ మానిటరుకు వెనక కాదు, ముందూ కాదు, పక్కన ఉండాలి. అచ్చు కాపీ చూడటానికి ముద్రణ రంగంలో ఐఎస్‌ఓ 3664 ప్రకారం డీ50 అనే 5000 కెల్విన్ వెలుతురు వాడతారు. ఆ లైటుబాక్సులు ఖరీదైనవి. సీఆర్ఐ (వెలుతురు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందన్న కొలత) 90 పైన ఉన్న ఎల్ఈడీ ట్యూబు ఒకటి ప్రూఫులు చూసే బల్ల మీద పెట్టుకున్నా చాలా తేడా తెలుస్తుంది. మామూలు ట్యూబులు 80 దగ్గర ఉంటాయి, వాటి కింద ఎరుపులు చచ్చిపోతాయి.

ఒకటి మాత్రం ఏ మానిటరూ చెప్పదు. చిన్న అక్షరాల నలుపు ఒక్క కే (నలుపు సిరా) ప్లేటులోనే ఉందా, నాలుగు రంగుల్లో కలిసి ఉందా అన్నది. తెర మీద రెండూ ఒకే నలుపు. అచ్చులో ప్లేటు వెంట్రుకవాసి జరిగితే నాలుగు రంగుల ఒత్తుల చుట్టూ నీడలు వస్తాయి. అలాగే ప్రెస్సువాళ్ళను వాళ్ళ అచ్చు ప్రొఫైల్ ఏదని అడగడం మరిచిపోకండి. వాళ్ళు చెప్పలేకపోతే ఆర్ట్ పేపరుకు ఫోగ్రా39 అనే ప్రామాణిక ప్రొఫైల్ పెట్టుకుని, ఫోటోషాప్‌లో కంట్రోల్ వై నొక్కి చూడండి. అచ్చులో ఏ రంగు పడిపోతుందో ముందే కనిపిస్తుంది. వేలల్లో అచ్చయ్యే పనికి మాత్రం తెర ఎంత మంచిదైనా కాగితం మీద ప్రూఫు తీయించి, కస్టమరు సంతకం తీసుకున్నాకే ప్లేటుకు పంపుతున్నాను.

కొనే చోట

మన ఊరి దుకాణాల్లో డిజైనర్ల మానిటర్లు చూడటానికి పెట్టి ఉండటం తక్కువ, తెప్పించి ఇస్తారు. కళ్ళతో చూసి కొనాలంటే పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి, రిచీ వీధి చూసుకుని, సాయంత్రం అదే బండికి రావచ్చు. చిత్తూరు వాళ్ళకు బెంగుళూరు ఎస్పీ రోడ్డూ దూరం కాదు. వెళ్తే పెన్‌డ్రైవులో మీరు చేసిన ఫైలు ఒకటి, దాని అచ్చు కాపీ, నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే బూడిద పట్టీ పట్టుకెళ్ళండి. పట్టీలో గీతలుగా విరగకూడదు, మధ్యలో ఎక్కడా గులాబీ, ఆకుపచ్చ ఛాయలు తేలకూడదు, నలుపు చివర మెట్లు కలిసిపోకూడదు. దుకాణంలో బొమ్మ మెరిసే వీడియో పెట్టి చూపిస్తే ఆపించి ఈ పట్టీ పెట్టించండి.

ఆన్‌లైన్లో కొంటే వారంటీ ఎన్నేళ్ళు, దగ్గరి సర్వీసు సెంటరు ఎక్కడ, ఎన్ని చుక్కలు చచ్చిపోతే మారుస్తారు అన్నవి ముందే చదవండి. డబ్బా వచ్చిన రోజే డిస్‌ప్లేపోర్టు తీగతో కలపండి, పాత వీజీఏ తీగ వద్దు. హెచ్‌డీఎంఐతో కలిపితే గ్రాఫిక్స్ సెట్టింగులో రంగుల శ్రేణి 'ఫుల్' అని ఉందో లేదో చూసుకోండి. 'లిమిటెడ్'లో ఉంటే నలుపు బూడిదగా తేలి, మంచి తెర కూడా పాడైనదనిపిస్తుంది. తర్వాత పూర్తి తెలుపు, పూర్తి నలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ తెర నిండా పెట్టి మూలమూలా వెతకండి. వెనక్కి పంపే గడువు దాటేదాకా డబ్బాను, లోపలి థర్మోకోల్‌ను పారేయకండి.